నీలం చుక్క

ఆ చప్పుడును మొదట పట్టుకున్నది ఆయన కాదు, ఆయన భార్య. కారు వెనుక సీటు నిండా ఆసుపత్రి నర్సుల కోసం కుట్టిన యూనిఫారాల మూటలు సర్ది, ఆఖరి మూటను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ, రెండో మలుపు దాటగానే తల కాస్త పక్కకు వంచింది.

“ఏవండీ, నా కాళ్ళ దగ్గర ఎవరో కత్తెర నూరుతున్నారు.”

“నీకు పొద్దస్తమానం కత్తెరల గోలే.”

“ముప్ఫై ఏళ్ళుగా దాంతోనే కాపురం చేస్తున్నాను. ఆ మాత్రం గుర్తుపట్టలేనా? ఆ రేడియో కట్టేసి వినండి.”

ఆయన రేడియో కట్టేసి, అద్దాలు దించి, వేగం తగ్గించాడు. వినిపించింది. ఇనుము మీద ఇనుము గీరుకుంటున్న సన్నని చప్పుడు, ఆగి ఆగి, లెక్కపెట్టినట్టుగా. కారు మెల్లగా పోతే మెల్లగా, జోరందుకుంటే జోరుగా. ఆవిడ కూర్చున్న వైపు ముందు చక్రంలోంచే వస్తోంది, సందేహం లేదు.

“నిన్ననే కదా సర్వీసింగు చేయించి తెచ్చాం,” అన్నాడాయన.

ఆ మాటలో ప్రశ్న లేదు. అది అభియోగ పత్రంలో మొదటి వాక్యం. ఆవిడకు ఆ గొంతు తెలుసు. మూటను కాస్త గట్టిగా పట్టుకుని కిటికీలోంచి బయటకు చూసింది.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలి ఆరేళ్ళయినా ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. కూరగాయల బండి దగ్గర నిలబడితే ముందు చూసేది కూరగాయలను కాదు, తక్కెడ అడుగును. పెట్రోలు బంకులో అంకెల కంటే ముందు గొట్టం పట్టుకున్న చేతిని చూస్తాడు. వీధిలో అందరికీ ఇప్పటికీ ఆయన ఇన్‌స్పెక్టరు గారే. ఆయన వస్తుంటే కొట్టువాళ్ళ చేతులు వాటంతటవే బల్ల మీదికి వచ్చి వెల్లకిలా పడుకుంటాయి.

ఆసుపత్రి ఆవరణలో కారు ఆపి, భార్య మూటలు అప్పగించడానికి లోపలికి వెళ్ళగానే ఆయన పని మొదలుపెట్టాడు. ఆవిడ సంచిలోంచి కొలత టేపు, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీశాడు. టైరు చుట్టుకొలత కొలిచాడు. నేలకు ఆనుతున్న చోట టైరు మీద సుద్దతో గీత గీశాడు. కాపలాదారును పిలిచి చక్రం పక్కన నడవమని, గీత నేలను తాకినప్పుడల్లా చేయెత్తమని చెప్పాడు. తాను కిటికీలోంచి తల బయటపెట్టి కారును నడక వేగంతో పోనిచ్చాడు. కాపలాదారు చేయి లేచిన ప్రతిసారీ ఆ చప్పుడు. చక్రం ఒక చుట్టుకు ఒక్కసారి, అటూ ఇటూ కాకుండా.

“ఇదేం పరీక్షండీ?” అన్నాడు కాపలాదారు ఆయాసపడుతూ.

“ఇంజనుకు సంబంధం లేదని తేలింది. చక్రంతో పాటు తిరిగేదేదో దేన్నో రాసుకుంటోంది. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెడతాను. చప్పుడు మారుతుందేమో చెప్పు.”

మారలేదు. అంటే బ్రేకు ప్యాడ్లది కాదు తప్పు. అయినా వాటి సంగతి ఆయనకు ముందే తెలుసు. నిన్న సాయంత్రం షెడ్డు నుంచి ఇంటికి రాగానే, భార్య కుట్టు మిషను హోరులో మునిగి ఉండగా, ఆయన కారును జాకీ మీద లేపి ఆ వైపు చక్రం విప్పి చూశాడు. కొత్త ప్యాడ్లు వేశానని మెకానిక్ చెబితే నమ్మేసి ఊరుకోవడానికి ఆయనేమన్నా నిన్న పుట్టాడా? వేశాడు, కాదనడానికి లేదు. మందంగా, మచ్చ లేకుండా ఉన్నాయి. స్టీరింగును ఆ కొస దాకా తిప్పి, చక్రం వెనుక సందులోకి ఒక చేయి ఆనించి, ఇంకో చేత్తో లోపలి ప్యాడు వీపు మీద నీలం ఎనామిల్ రంగుతో చిన్న చుక్క పెట్టాడు. మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా మార్చేస్తే తెలిసిపోవాలి. తూకపు రాళ్ళ మీద ముద్రలు వేసిన చేయి అది. తనిఖీ చేసిన వస్తువును గుర్తు లేకుండా వదలడం దానికి చేతకాదు.

భార్య తిరిగి వచ్చేసరికి ఆయన నోటు పుస్తకం తెరిచి రాసుకుంటున్నాడు. సర్వీసింగు తేదీ, షెడ్డులో కారు ఉన్న గంటలు, తిరిగిన కిలోమీటర్లు, చప్పుడు మొదలైన వేళ, పరీక్ష ఒకటి, పరీక్ష రెండు. చక్రం విప్పిన సంగతి రాయలేదు. దాచాలని కాదు. తనిఖీని సంఘటనగా రాసుకునే అలవాటు ఆయన వృత్తిలోనే లేదు.

“బొటనవేలికి ఆ నీలమేంటి?” అంది ఆవిడ, సీటు బెల్టు పెట్టుకుంటూ.

“ఏదో అంటింది.”

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాడు. షెడ్డు ఒక మధ్యవయసు మనిషిది. డ్రైవర్లు, పనివాళ్ళు అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. రేకుల కప్పు కింద మూడు కార్లు పట్టే చోటు, గోడకు వరుసగా వేలాడే పానాలు, మూలన టైర్ల గుట్ట, గుమ్మం పక్కనే ఆమె బల్ల. రోడ్డుకు అవతల వైపు ఇంకో షెడ్డు ఆ మధ్యే కట్టించింది. దానికి ఇంకా బోర్డు రాయించలేదు. కానీ దాన్ని ఎవరి చేతిలో పెట్టబోతోందో అందరికీ తెలుసు. తాళంచెవి వారం రోజులుగా ఒక మెకానిక్ మొలతాడుకు వేలాడుతోంది.

అతన్ని అందరూ చెవులపిల్లి అంటారు. చెవులేమీ పెద్దవి కావు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏది బాగుందో ఏది లేదో చెబుతాడు. నలభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడతాడు. ఇన్‌స్పెక్టరు గారికి అదే మొదటి నుంచీ నచ్చని గుణం. తక్కువ మాట్లాడేవాడి దగ్గర ఎక్కువ దాగి ఉంటుందని ఆయన అనుభవం.

కారు ఇంకా షెడ్డులోకి రాకముందే చెవులపిల్లి తల ఎత్తి చూశాడు.

“ఏదో రాసుకుంటోంది సార్.”

“ఎలా తెలిసిందో?” అన్నాడు ఇన్‌స్పెక్టరు కారు దిగుతూ. “విన్నావా, ముందే తెలుసా?”

టీ తాగుతున్న ఇద్దరు టాక్సీ డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు.

చెవులపిల్లి జాకీ లాక్కుంటూ వచ్చాడు. “పావుగంట సార్. విప్పి చూస్తే తెలిసిపోతుంది.”

ఇన్‌స్పెక్టరు అడ్డంగా చేయి చాచాడు. “ఆగు. చక్రం మీద చేయి వేయకు.”

“వేయకపోతే ఎలా సార్?”

“విప్పి, ఉన్నదాన్ని సర్దేసి, ఏమీ లేదు సార్ అంటావు. ఇలాంటివి వందలు చూశాను. ఏ కొట్లో అయినా తూకంలో మోసం దొరికితే, ఆ కొట్టువాడి చేతికే రాళ్ళు తిరిగి ఇస్తామా?”

“నేను తూకాల కొట్టువాణ్ణి కాదు సార్.”

“తేలుతుంది.”

ఆయన జేబులోంచి మడిచిన కాగితాలు తీసి అక్క బల్ల మీద పెట్టాడు. రాత్రి కూర్చుని రాసిన ఫిర్యాదు. నాలుగు పేరాలు, కింద సంతకం, కార్బన్ పెట్టి తీసిన నకలు. ఫలానా తేదీన తన కారు నిశ్శబ్దంగా ఈ షెడ్డులోకి వచ్చింది, ఫలానా వేళకు బయటకు వెళ్ళింది, పద్దెనిమిది గంటలు తిరగకముందే చక్రంలో గీరుడు మొదలైంది. ప్యాడ్లు కొత్తవే, ఒప్పుకుంటున్నాను. అందుచేత, ప్యాడ్ల పని మిషతో చక్రం విప్పినవారు మంచి బేరింగును తీసుకుని అరిగిన బేరింగును బిగించి ఉంటారని అనుమానించవలసి వస్తోంది.

అక్క పెదవులు కదుపుతూ చదివింది. చదువుతున్నంతసేపూ పక్క నుంచి ఒక టాక్సీ డ్రైవరు మెడ సాచి తానూ చదివాడు.

“ప్యాడ్లు కొత్తవని మీకెలా తెలుసండీ?” అంది ఆమె.

“చూశాను.”

“ఓహో.” ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. కానీ ఆమె కళ్ళు అప్పటికే డ్రైవర్ల మొహాల మీద ఉన్నాయి. షెడ్డుకు తిండి పెట్టేది వాళ్ళ బళ్ళే. వాళ్ళకు ఒక మాట చాలు, సాయంత్రానికి టాక్సీ స్టాండంతా పాకుతుంది.

“బేరింగులు మార్చేస్తున్నారంట రోయ్,” అన్నాడు ఒకడు రెండోవాడితో, గుసగుస అనుకుని గట్టిగానే.

“అందుకేనేమో మొన్న నా బండి కూడా మూలిగింది.”

“నీ బండి కొన్నప్పటి నుంచీ మూలుగుతూనే ఉంది కదరా!”

నవ్వారు గానీ, ఆ నవ్వు చెవులపిల్లి వైపు చూడకుండా నవ్విన నవ్వు.

“అక్కా,” అన్నాడు అతను, “బేరింగు మార్చాలంటే ప్రెస్సు మీద పెట్టి ఊడదీయాలి. మన ప్రెస్సు చెడి నెలైంది. నీకు తెలీదా?”

“నాకు తెలుసురా. వాళ్ళకు నువ్వు చెప్పి నమ్మించు.” ఆమె చేయి చాచింది. “ఇది తేలేదాకా ఆ తాళం ఇలా ఇయ్యి. నువ్వు ఈ రెండు రోజులూ బళ్ళు కడుగు. చక్రాల పని ఇంకొకళ్ళు చూస్తారు.”

చెవులపిల్లి మొలతాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళకు గ్రీజు ఉంది, ముడి జారిపోతోంది. ఎవరూ సాయపడలేదు. తాళంచెవిని బల్ల మీద పెట్టి, వెళ్ళి నీళ్ళ గొట్టం అందుకున్నాడు. రోడ్డు అవతల కొత్త షెడ్డు ముందు అక్క మరిది బెంచీ మీద కాలు మీద కాలేసుకుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఇదంతా చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారికి తన పని సవ్యంగా జరిగిందనే అనిపించింది. నేరం రుజువు కానిదే శిక్ష వేయమని ఆయన అనలేదు. అది ఆమె నిర్ణయం. ఆయన కేవలం కాగితం ఇచ్చాడు.

అక్కడి నుంచి, సంబంధం లేని మూడో మనిషి అభిప్రాయం కోసం, ఊరి చివర అద్దాల గోడల పెద్ద వర్క్‌షాపుకు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రవాడొకడు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బోనెట్టు కూడా ఎత్తకుండా, “బేరింగే సార్,” అని తేల్చేశాడు.

“ఎలా చెప్పావు?”

“చప్పుడు వస్తోంది కదా సార్.”

“చప్పుడు వచ్చేదల్లా బేరింగేనా?”

“చాలావరకు సార్.”

తన అనుమానమే మరొకరి నోట వినిపించినందుకు ఆయన సంతోషించవలసింది. కానీ ఎందుకో సంతోషించలేకపోయాడు. ఆయన తన అనుమానాన్ని ప్రేమించే మనిషే, అయితే రుజువును అంతకంటే కాస్త ఎక్కువ ప్రేమించే మనిషి. ఇంటికి వెళుతూ ఖాళీ మైదానం పక్కన రోడ్డు మీద కారును పాము మెలికల్లా అటొకసారి, ఇటొకసారి తిప్పాడు. అరిగిన బేరింగైతే బరువు ఆ చక్రం మీద పడినప్పుడు హోరు పెరగాలి, తప్పుకున్నప్పుడు తగ్గాలి. ఈ చప్పుడుకు అదేమీ పట్టలేదు. తన లెక్క తనదే అన్నట్టు చుట్టుకొకసారి గీరుతూనే ఉంది. ఆయన కారు ఆపి నోటు పుస్తకంలో ‘పరీక్ష మూడు: బేరింగు కాకపోవచ్చు’ అని రాశాడు. కొట్టేయబోయి, కొట్టేయలేదు.

ఆ సాయంత్రం భార్య పక్కింటి అమ్మాయికి కొలతలు తీస్తోంది. ఆయన కుర్చీ లాక్కుని నోటు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆవిడ టేపును నడుము చుట్టూ తిప్పి, చూసి, చీటీ మీద అంకె వేసి, మళ్ళీ కాస్త పెంచి రాసింది. ఆ పెంచడం ఆయన కంటపడింది.

“అదేంటి, కొలిచింది ఒకటి, రాసింది ఒకటి?”

“అమ్మో, పట్టేశారు, జరిమానా వేయండి,” అంది ఆవిడ, నోట్లో గుండుసూదులతోనే. అమ్మాయి కిసుక్కున నవ్వింది. “టేపు చుట్టగానే ఎవరైనా ఊపిరి బిగబడతారండీ. పొట్ట లోపలికి పోతుంది. నేను కొలిచేది అసలు నడుమును కాదు, టేపు కింద ఉన్న నడుమును. అందుకే ఒక వేలు వదిలి కుడతాను. లేకపోతే ఇంటికెళ్ళి అన్నం తిన్నాక హుక్కులు ఊడిపోతాయి.”

అమ్మాయి వెళ్ళాక ఆవిడ సూదులు డబ్బాలో వేస్తూ, మామూలుగా అడిగింది.

“ఆ చక్రాన్ని మీరూ విప్పారుగా?”

“ఎవరు చెప్పారు?”

“మోకాళ్ళ దగ్గర మట్టి పట్టిన ఆ ప్యాంటు ఉతికింది ఎవరనుకున్నారు?”

“నేను చూశానంతే. చూడటం వేరు, చేయడం వేరు.”

“సరే,” అంది ఆవిడ. ఆవిడ సరే అన్నప్పుడే ఆయనకు ఎక్కువ భయం.

ఫిర్యాదు ఇచ్చిన మూడో రోజు, గురువారం ఉదయం, ఆయన మళ్ళీ షెడ్డుకు వెళ్ళాడు. అక్కతో, “అతన్నే విప్పి చూడమనండి. నా ముందు. నేను రెప్ప వాల్చకుండా చూస్తూ ఉంటాను,” అన్నాడు. పరీక్ష మూడు గురించి చెప్పలేదు. అనుమానం కాస్త సడలింది గానీ, ఇంకా చేతిలోనే ఉంది.

చెవులపిల్లి నీళ్ళ గొట్టం కట్టేసి, తడి చేతులు లాగుకు తుడుచుకుంటూ వచ్చాడు. రెండు రోజులు సబ్బునీళ్ళలో నాని వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి. మొలతాడు దగ్గర ఏమీ వేలాడటం లేదు. రోడ్డు అవతల కొత్త షెడ్డు షట్టరు ఎత్తి ఉంది. అక్క మరిది తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పుతూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

జాకీ లేచింది. చక్రం నేలను వదిలింది. చెవులపిల్లి దాన్ని ముందుగా పైనా కిందా పట్టుకుని కుదిపాడు, తర్వాత పక్కల పట్టుకుని కుదిపాడు. ఎక్కడా వదులు లేదు. స్క్రూడ్రైవరు మొనను చక్రం వెనుక ఇరుసు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, రెండో చేత్తో చక్రాన్ని తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. షెడ్డులో పానా చప్పుళ్ళు ఆగిపోయాయి. డ్రైవర్లు కూడా ఊరుకున్నారు.

“బేరింగు బాగుంది సార్. మీరూ వినండి.”

ఇన్‌స్పెక్టరు వంగి, పిడికి చెవి ఆనించాడు. లోపల నూనెలో దొర్లుతున్న గుండ్ల నున్నని హోరు. ఎక్కడా గరుకు లేదు. గీరుడు వేరే చోటి నుంచి, ఇంకా పైనుంచి, పల్చగా వినిపిస్తోంది. ఆయన నిటారుగా నిలబడ్డాడు.

బోల్టులు ఊడాయి. చక్రం పక్కన దొర్లింది. చెవులపిల్లి మెరుస్తున్న బ్రేకు డిస్కును చేత్తో తిప్పాడు. దాని వెనుక, బురద పడకుండా అడ్డుగా ఉండే పల్చని రేకు ఒకటి ఉంటుంది, పళ్ళెమంత. డిస్కు తిరిగి ఒక చోటికి రాగానే రేకు అంచు దాన్ని తాకి గీరింది. అతను స్టీరింగును పక్కకు తిప్పి, తల చక్రం గూటిలో దూర్చి, వెనుక నుంచి చూశాడు.

చూసి, అలాగే ఉండిపోయాడు. కాసేపటికి ఒక్కసారి తల బయటపెట్టి, ఇన్‌స్పెక్టరు గారి మొహాన్ని కాదు, చేతులను చూశాడు. మళ్ళీ లోపలికి వంగాడు. ‘టిక్’మని చిన్న చప్పుడైంది. చేయి బయటకు తీసి, గుప్పెట మూసి, వెనుకనున్న పాత సామాన్ల డబ్బాలోకి దేన్నో విసిరినట్టు విసిరాడు.

“గులకరాయి సార్. రేకుకీ డిస్కుకీ మధ్య ఇరుక్కుంది. రోడ్డు మీద ఎవరి బండికైనా జరిగేదే. ఎవరి తప్పూ కాదు.”

డిస్కు తిప్పాడు. గాలిలా తిరిగింది.

“హమ్మయ్య,” అంది అక్క. డ్రైవర్లు అప్పుడే వెనుదిరిగారు.

ఇన్‌స్పెక్టరు మాత్రం కదల్లేదు. మనుషుల చేతులను చూస్తూ జీవితం గడిపిన కళ్ళు ఆయనవి. తక్కెడ కింద చిటికెన వేలు ఆనించేవాళ్ళు, కొలపాత్ర అంచున బొటనవేలు ముంచేవాళ్ళు ఎవరూ వాటి నుంచి తప్పించుకోలేదు. ఆ డబ్బా నిండా నట్లు, వాషర్లు ఉన్నాయి. రాయి పడితే ఖణేల్మనాలి.

“డబ్బాలో చప్పుడేదీ?”

చెవులపిల్లి డిస్కును మళ్ళీ ఒకసారి తిప్పాడు.

“చెవులతో బతికే మనిషివి. రాయి విసిరావు. చప్పుడేదీ అంటున్నాను.”

అక్క లేచి వచ్చి డబ్బాను నేల మీద బోర్లించింది. తుప్పు నట్లు, తెగిన వైర్లు, అరిగిన ప్యాడ్లు దొర్లాయి. కాలితో అటూ ఇటూ నెట్టింది. ఎక్కడా రాయి లేదు.

“ఏరా!” ఆమె గొంతు మారిపోయింది. “మరైతే ఏం తీశావురా లోపల్నుంచి? ఏం దాస్తున్నావు? నీకోసం నేను ఇంతమందితో మాట పడ్డాను కదరా!”

“ఏమీ తీయలేదక్కా.”

“మరి రాయి అన్నావెందుకు?”

డ్రైవర్లు మళ్ళీ దగ్గరికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు గారికి, దొంగ తూకం బయటపడిన ప్రతిసారీ కలిగే ఆ పాత చల్లదనం వెన్నులో పాకింది. పట్టుకున్నాడు. ఆయన జేబులోంచి టార్చి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం గూటిలోకి తల వంచి, ఆ పల్చని రేకు వెనుక వైపు వెలుగు వేశాడు.

ప్యాడు వీపు మీద తన నీలం చుక్క ఉంది. గుండ్రంగా, శ్రద్ధగా పెట్టింది. దానికి జానెడు దూరంలో, రేకు అంచు దగ్గర, వంగి మళ్ళీ సరిచేసిన సొట్ట ఉంది. ఆ సొట్ట నడిమధ్య ఇంకో నీలం గుర్తు ఉంది. అది చుక్క కాదు. బొటనవేలి ముద్ర. గీతలతో సహా, ఏ కార్యాలయమైనా ఒప్పుకునేంత స్పష్టంగా.

ఆ సాయంత్రం సందులోకి ఒక చేయి ఆనించానని ఆయనకు గుర్తుంది. దేనికి ఆనించాడో ఇప్పుడు తెలిసింది. వంగిన నడుము బరువంతా, సీసా మూత తీసినప్పుడు రంగు అంటిన ఆ బొటనవేలి మీద వేసి, కుంచె వణక్కుండా చుక్క పెట్టాడు.

ఆయన తన చేతిని టార్చి వెలుగులోకి తెచ్చుకున్నాడు. గోరు అంచున ఇంకా సన్నని నీలం గీత ఉంది.

పైనుంచి అక్క గొంతు వినిపిస్తోంది. “ఈ అబద్ధాల మనిషినా నేను కొత్త షెడ్డులో పెట్టబోయింది! మా మరిదికే ఇస్తాను, పీడా పోతుంది.” ఒక డ్రైవరు, “చూశావా, ముందే అన్నాను,” అంటున్నాడు, ముందు ఏమీ అనకపోయినా. ఆయన లేచి నిలబడి, రాయి కాకపోతే తుప్పు పెచ్చు అని చెప్పి కారెక్కి వెళ్ళిపోవచ్చు. అందరూ నమ్ముతారు. ఆయన మాటకు ఈ వీధిలో ముద్ర ఉంది.

చెవులపిల్లి చేతిలో పెట్రోలులో ముంచిన గుడ్డ ఉంది. “జరగండి సార్, తుడిచేస్తాను,” అన్నాడు మెల్లగా.

“తుడవకు.”

ఆయన కారు తలుపు పట్టుకుని లేచాడు. మోకాళ్ళకు మట్టి అంటింది. దులుపుకోలేదు.

“ఇటు రండమ్మా,” అన్నాడు అక్కతో. “మీరు కూడా రండి,” అన్నాడు డ్రైవర్లతో. “వంగి చూడండి. ఆ రేకును వంచింది ఈ వేలు. సర్వీసింగు అయిన సాయంత్రం ఇతని పని సరిగా ఉందో లేదోనని నేనే చక్రం విప్పాను. సరిగానే ఉంది. చెడగొట్టింది నేను.” బొటనవేలు పైకెత్తి చూపించాడు, ఓటు వేసి వచ్చినవాడిలా.

ఎవరూ నవ్వలేదు. అక్క వంగి చూసింది, లేచి ఆయన వేలిని చూసింది, మళ్ళీ వంగి చూసింది.

ఇన్‌స్పెక్టరు చెవులపిల్లి వైపు తిరిగాడు. “నీకు చూడగానే తెలిసింది. రాయి అని ఎందుకన్నావు? నా వయసు చూసి జాలిపడ్డావా?”

“జాలేం కాదు సార్.” అతను గుడ్డను మడత మీద మడత పెడుతున్నాడు. “ఆ వేలిముద్ర చూపిస్తే, రంగు నేనే పూశానంటారేమోనని. రాయి అయితే గొడవ లేదు. రాయికి పోయే ఉద్యోగం లేదు కదా.”

ఇన్‌స్పెక్టరు అలా అని ఉండేవాడు. ఆ సంగతి ఆయనకు తన పేరు తెలిసినంత ఖాయంగా తెలుసు.

ఆయన వెళ్ళి అక్క బల్ల దగ్గర కూర్చుని, తన ఫిర్యాదును తిరిగి అడిగి తీసుకున్నాడు. చింపలేదు. చింపితే అది సాక్ష్యాన్ని మాయం చేయడం. దాని కిందనే, అదే దస్తూరీతో రాశాడు. పై ఆరోపణ తప్పు. దర్యాప్తులో తేలినదేమంటే, తనిఖీ చేసిన వ్యక్తే నష్టం కలిగించాడు. ఆ తనిఖీని నోటు పుస్తకంలో నమోదు చేయకపోవడం కూడా అతని తప్పే. తేదీ, సంతకం. “దీన్ని ఆ గోడకు అంటించండి,” అన్నాడు.

అక్క నుదురు రుద్దుకుంది. “అంటిస్తానండీ. కానీ మీ మొదటి నాలుగు పేరాలు వీళ్ళు స్టాండులో రెండు రోజులుగా చెప్పుకుంటున్నారు. ఇది ఎంతమంది చదువుతారో చూడాలి. మరిదికి తాళం ఇచ్చేశాను. ఇచ్చిన రెండో రోజే లాక్కుంటే ఇంట్లో పొయ్యి వెలగదు.”

“కాగితం నాకివ్వండి సార్,” అన్నాడు చెవులపిల్లి. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చక్రం ఎత్తి బిగించడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు అలవాటుగా బోల్టుల వైపు చూడబోయి, వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

శనివారం మళ్ళీ మూటలతో ఆసుపత్రికి బయలుదేరారు. కారు నున్నగా పోతోంది. ఆవిడ రెండు మలుపుల దాకా చెవి రిక్కించి, చివరికి, “కత్తెర ఊరుకుంది,” అంది.

కొత్త షెడ్డు ముందు ఆయన వేగం తగ్గించాడు. గుమ్మం దగ్గర బల్ల వెనుక మరిది కూర్చున్నాడు. తాళంచెవి బల్ల మీదే ఉంది. లోపల ఒక వ్యాను కింద నుంచి చెవులపిల్లి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు రెండు క్షణాలు చూసి, మళ్ళీ గేరు మార్చాడు.

“ఆగరా?” అంది ఆవిడ.

“పనిలో ఉన్నాడు. చూశాను కదా.”

“చూడటం వేరు, చేయడం వేరు అన్నారుగా?”

ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. డ్యాష్‌బోర్డు అర తెరిచి, నీలం ఎనామిల్ సీసా, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన కుంచె తీసుకుని దిగాడు. మరిది అలవాటుగా రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వాటిని చూడకుండా దాటి లోపలికి వెళ్ళాడు.

చెవులపిల్లి వ్యాను కింద నుంచి జారి బయటకు వచ్చి లేచి కూర్చున్నాడు. “మళ్ళీ చప్పుడా సార్?”

“లేదు. తాళం...”

“ఒక నెల చూద్దామంది అక్క. పని మాత్రం నాదే, తాళం అతనిది.”

“కాగితం?”

అతను జేబు తట్టుకున్నాడు. “ఉంది సార్. నిన్న ఇద్దరు అడిగి మరీ చదివారు.”

ఇన్‌స్పెక్టరు సీసాను అతని చేతిలో పెట్టాడు. “బిగించిన బోల్టుకు నువ్వే చుక్క పెట్టుకో. ఎవరైనా తర్వాత విప్పితే తెలుస్తుంది.” గొంతు సవరించుకుని, “ఎవరైనా అంటే... ఎవరైనా,” అన్నాడు.

చెవులపిల్లి సీసాను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

“సగానికి పైగా గడ్డకట్టింది సార్,” అన్నాడు. “టర్పెంటైన్ కలపాలి.”